కనబడవలసినప్పుడే కనబడే దీపం
విమాన సిమ్యులేటర్లలో కాంతి ప్రభావాల దృశ్యతా నియంత్రణ

రాత్రివేళ ఆకాశంలో సాగిపోయే విమానం చూసేవారికి ఆకారంగా కనబడదు. కొన్ని దీపాలుగా మాత్రమే కనబడుతుంది. ఎడమ రెక్క చివర ఎరుపు, కుడి రెక్క చివర ఆకుపచ్చ, తోక వద్ద తెలుపు, వీటికి తోడు ఉండి ఉండి మెరిసే దీపాలు. ఇవి అలంకారానికి అమర్చినవి కావు. ఆ విమానం ఎటు ముఖం పెట్టి ఉన్నదో, దగ్గరికి వస్తున్నదో దూరంగా పోతున్నదో ఇతర పైలట్లకు తెలిపే సంకేతభాష అది. ఇంటిలోని కంప్యూటర్‌పై విమానం నడిపించే సిమ్యులేటర్లలో ఈ భాషను దోషం లేకుండా పలికించడానికి ఏయే నియమాలు పాటించాలో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నేలమీద కూర్చొని విమానం నడపడం నేర్పే యంత్రాన్ని 1929లో అమెరికాకు చెందిన ఎడ్విన్ లింక్ తయారుచేశాడు. ఆర్గన్ వాద్యాలు తయారుచేసే కుటుంబంలో పుట్టిన అతడు ఆ వాద్యాలలోని గాలితిత్తులనే ఈ యంత్రానికి ఉపయోగించాడు. 1979లో బ్రూస్ ఆర్ట్‌విక్ ఆపిల్-2 కంప్యూటర్‌కోసం వ్రాసిన ప్రోగ్రాము, 1982లో ఐబీఎం పీసీకి మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన ఫ్లైట్ సిమ్యులేటర్, ఈ విద్యను ఇళ్ళలోకి తెచ్చాయి. 1996లో ప్రతిపాదన రూపంలో మొదలైన ఫ్లైట్‌గేర్ మరొక మెట్టు ఎక్కింది. దీనిని ఉచితంగా పొందవచ్చు. లోపలి ప్రోగ్రామును ఎవరైనా విప్పి చూడవచ్చు, మార్చవచ్చు. ఆసక్తిగల పిల్లలున్న ఇంటికి ఇది పైసా ఖర్చులేని ప్రయోగశాల. అందువలన ఇక్కడి ఉదాహరణలన్నీ ప్రధానంగా ఫ్లైట్‌గేర్‌నుండే తీసుకోబడ్డాయి.

నిజమైన దీపం పాటించే నియమం

విమానాల స్థానసూచక దీపాలకు అమెరికా విమానయాన నిబంధనలు కచ్చితమైన కోణాలను విధించాయి. ఎరుపు దీపం విమానం ముక్కుకు సూటిగా ముందువైపునుండి ఎడమకు 110 డిగ్రీల వరకు మాత్రమే కనబడాలి. ఆకుపచ్చ దీపం అదే విధంగా కుడివైపు 110 డిగ్రీలు. మిగిలిన వెనుకభాగం 140 డిగ్రీలు తెల్లదీపానిది. మూడూ కలిస్తే 360 డిగ్రీలు; వృత్తం పూర్తవుతుంది.

ఈ విభజనలోని యుక్తి గమనించదగినది. ఎదురుగా వచ్చే విమానం కుడిరెక్క చూసేవారికి ఎడమవైపున ఉంటుంది. కాబట్టి ఎడమవైపు ఆకుపచ్చ, కుడివైపు ఎరుపు జంటగా కనబడితే ఆ విమానం సూటిగా ఎదురువస్తున్నదని అర్థం. ఎరుపు ఒక్కటే కనబడితే దాని ఎడమపార్శ్వం కనబడుతున్నదన్నమాట. తెలుపు ఒక్కటే ఉంటే అది వెనుకభాగం. దీపం కనబడటం ఎంత ముఖ్యమో, కనబడకపోవడమూ అంతే ముఖ్యం. ఎరుపు, ఆకుపచ్చ దీపాలు అన్ని వైపులనుండీ కనబడితే ఈ భాషకు అర్థమే ఉండదు.

తెరమీది దీపం స్వరూపం

సిమ్యులేటర్‌లోని దీపం నిజానికి దీపం కాదు. మధ్యలో ప్రకాశవంతంగా ఉండి అంచులవైపు పలచబడే ఒక గుండ్రని ప్రభను బొమ్మగా గీసి, దానిని ఒక చిన్న చతురస్రంపై అతికిస్తారు. చూసే కన్ను ఎక్కడున్నా చతురస్రం దానివైపే తిరిగి ఉండేటట్లు ‘బిల్‌బోర్డ్’ అనే ఏర్పాటు చేస్తారు. ఈ బొమ్మకు రాత్రి, పగలు తెలియవు. మీట వేశారో లేదో తెలియదు. విడిచిపెడితే మిట్టమధ్యాహ్నం కూడా, ఇంజను ఆగి ఉన్నా, ఏ వైపునుండి చూసినా అది వెలుగుతూనే ఉంటుంది. క్రొత్తగా విమాన నమూనాలు తయారుచేసేవారు తరచు ఎదుర్కొనే సమస్య ఇదే.

దీనికి పరిష్కారం నమూనాతోపాటు ఉండే ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలులో ఉంటుంది. ఇది మామూలు అక్షరాలతో వ్రాసిన ఫైలు. ఫ్లైట్‌గేర్‌లోని ప్రతి విలువకు, అంటే మీట స్థితి, వోల్టేజి, చక్రాల స్థానం, సూర్యుని కోణం మొదలైనవాటికి, ‘ప్రాపర్టీ ట్రీ’ అనే వృక్షంలో ఒక చిరునామా ఉంటుంది. నమూనాలోని ఏ భాగం ఎప్పుడు కనబడాలో ఈ విలువల ఆధారంగా నిర్ణయించవచ్చు. ఆ పని చేసే ఏర్పాటు పేరు ‘సెలెక్ట్’ యానిమేషన్. భాగం పేరు చెప్పి, దాని క్రింద షరతు వ్రాస్తే, షరతు నిజమైనంతసేపు మాత్రమే ఆ భాగం తెరపైకి వస్తుంది.

మొదటి షరతు: మీట, విద్యుత్తు

మొదట స్ఫురించే షరతు మీట. ‘కంట్రోల్స్/లైటింగ్/నావ్-లైట్స్’ అనే విలువ సున్నా కానప్పుడు దీపం కనబడాలి. కాని ఇంతటితో సరిపోదు. మీట వేసి ఉన్నా బ్యాటరీ నిస్సారమైతే నిజమైన దీపం వెలగదు. కాబట్టి విద్యుత్ వ్యవస్థనుండి ఆ దీపానికి అందే వోల్టేజి ఒక పరిమితికి మించి ఉండాలన్న షరతు కూడా చేర్చాలి. 28 వోల్టుల వ్యవస్థలో ఈ పరిమితిని 15 వోల్టులుగా పెట్టుకోవచ్చు. ఈ రెండు షరతులను ‘అండ్’ అనే పదంతో కలిపితే, రెండూ నిజమైనప్పుడే దీపం వెలుగుతుంది.

ముక్కుచక్రానికి అమర్చిన దీపానికి మూడవ షరతు అవసరం. చక్రం లోపలికి ముడుచుకున్న తరువాత కూడా ప్రభ గాలిలో వేలాడుతూ కనబడటం చాలా నమూనాలలో కనిపించే లోపం. ముక్కుచక్రం స్థానాన్ని తెలిపే విలువ, ముడిచినప్పుడు 0, పూర్తిగా దించినప్పుడు 1 అవుతుంది. ఆ విలువ 0.9 కన్న ఎక్కువ ఉన్నప్పుడే దీపం కనబడాలని వ్రాస్తే లోపం తొలగుతుంది.

రెండవ షరతు: సూర్యుడు

నిజమైన దీపం పగలు వెలిగినా ఆకాశపు వెలుగులో కలిసిపోతుంది. కంప్యూటర్ తెరకు ఆకాశమంత ప్రకాశం లేదు. తెరపై అతి తెల్లని చుక్కకు, తెల్లని మేఘానికి ప్రకాశంలో తేడా ఉండదు. కాబట్టి పగటి వెలుగులో దీపం వెలవెలబోవడాన్ని నియమం ద్వారానే సాధించాలి.

సూర్యుడు నడినెత్తినుండి ఎంత దూరంలో ఉన్నాడో ‘సిమ్/టైమ్/సన్-యాంగిల్-రాడ్’ అనే విలువ రేడియన్లలో తెలుపుతుంది. నడినెత్తిన ఉంటే 0. దిగ్మండలాన్ని తాకితే 90 డిగ్రీలు, అంటే 1.57 రేడియన్లు. చాలా నమూనాల ఫైళ్ళలో కనబడే 1.57 అనే సంఖ్య మర్మం ఇదే. అయితే వాతావరణంలో కాంతి వంగడం వలనా, సూర్యబింబం పరిమాణం వలనా, సూర్యాస్తమయంగా లెక్కించే కోణం 90.83 డిగ్రీలు, అంటే 1.585 రేడియన్లు. సూర్యుడు దిగ్మండలానికి 6 డిగ్రీలు దిగువకు చేరేవరకు పౌరసంధ్య ఉంటుంది. ఆ కోణం 96 డిగ్రీలు, అంటే 1.676 రేడియన్లు.

ఒకే సంఖ్యవద్ద దీపాన్ని కనబరిస్తే ఒక్క క్షణంలో ప్రభలన్నీ తటాలున పుట్టుకొస్తాయి. కంటికి అది కృత్రిమంగా తోస్తుంది. అందుకు బదులు 1.50 వద్ద ప్రభ పరిమాణం పదోవంతు, 1.585 వద్ద సగం, 1.676 వద్ద పూర్తి అని ‘స్కేల్’ యానిమేషన్‌కు ఒక పట్టిక ఇస్తే సంధ్యవేళ దీపాలు క్రమంగా తేజరిల్లుతాయి. మెరుపు దీపాలు పగలు కూడా కొంతవరకు కనబడతాయి కాబట్టి వాటికి ఈ తగ్గింపు తక్కువగా ఉండాలి.

మూడవ షరతు: దిక్కు

110 డిగ్రీల నియమాన్ని తెరపై అమలు జరపడానికి ఫ్లైట్‌గేర్‌లో ‘ఫ్లాష్’ అనే యానిమేషన్ ఉంది. పేరునుబట్టి మెరుపు అనిపించినా దాని పని వేరు. దీపానికి ఒక అక్షం నిర్ణయించి, ఆ అక్షానికి, చూసే కంటి దిశకు మధ్య కోణం యొక్క కోసైన్‌నుబట్టి ప్రభ పరిమాణాన్ని మార్చుతుంది. కోసైన్‌ను ఒక ఘాతానికి హెచ్చించి, గుణకంతో గుణించి, దానికి మరొక సంఖ్యను కలుపుతుంది. ఫలితం కనిష్ఠ, గరిష్ఠ పరిమితులను దాటకుండా చూసుకుంటుంది.

ఎరుపు దీపం క్షేత్రం ముందునుండి ఎడమకు 110 డిగ్రీలు కాబట్టి దాని మధ్యరేఖ 55 డిగ్రీలవద్ద ఉంటుంది. అక్షాన్ని ఆ రేఖపై నిలిపితే, రెండు వైపులా 55 డిగ్రీల వరకు దీపం పూర్తిగా కనబడి, ఆపైన త్వరగా మాయం కావాలి. ఘాతం 1, గుణకం 10, కలపవలసిన సంఖ్య –4.7, కనిష్ఠం 0, గరిష్ఠం 1 అనుకుంటే:

అక్షంనుండి 0 డిగ్రీలు: 10 × 1 – 4.7 = 5.3, గరిష్ఠం 1 కాబట్టి 1.
55 డిగ్రీలు: 10 × 0.574 – 4.7 = 1.04, ఇదీ 1.
57.5 డిగ్రీలు: 10 × 0.537 – 4.7 = 0.67.
62 డిగ్రీలు: 10 × 0.469 – 4.7 ≈ 0.
90 డిగ్రీలు: 0 – 4.7; కనిష్ఠం 0 కాబట్టి 0.

ఈ లెక్క ప్రకారం సూటిగా ఎదుటనుండి చూస్తే ఎరుపు, ఆకుపచ్చ రెండూ నిండుగా కనబడతాయి. చూసేవారు ఒక ప్రక్కకు 7 డిగ్రీలు జరిగేసరికి ఒకటి మాయమవుతుంది. నిజమైన దీపాల విషయంలో కూడా అంచులవద్ద కొద్దిపాటి కలయికను నిబంధనలు అనుమతిస్తాయి కాబట్టి ఇది దోషం కాదు.

అయితే ఇందులో ఒక పరిమితి ఉంది. నిబంధనలలోని క్షేత్రం రెండు నిలువు తలాల మధ్య ఉన్న ముక్క వంటిది. ఇక్కడ ఏర్పడేది శంకువు. విమానానికి సరిగ్గా క్రింద నిలబడిన వ్యక్తికి శంకువు ప్రకారం దీపం కనబడదు. నిజానికి నిబంధనలు కోరే తీవ్రత కూడా దీపం తలానికి 40 డిగ్రీలు దాటినచోట ఇరవైయవవంతుకు తగ్గుతుంది కాబట్టి, దూరపు విమానాల విషయంలో ఈ ఉజ్జాయింపు చాలినంత బాగుంటుంది.

నాలుగవ షరతు: దూరం

దీపం అద్దం వెడల్పు 15 సెంటీమీటర్లు అనుకుంటే, 5 కిలోమీటర్ల దూరంలో అది కంటివద్ద చేసే కోణం ఒక డిగ్రీ నిమిషంలో పదోవంతు మాత్రమే. 60 డిగ్రీల దృశ్యాన్ని 1,920 పిక్సెళ్ళలో చూపే తెరపై ఒక్కొక్క పిక్సెల్ దాదాపు 1.9 నిమిషాలు. అంటే దీపం ఒక పిక్సెల్‌లో పద్ధెనిమిదోవంతు. లెక్క ప్రకారం గీస్తే అది తెరపై ఉండదు. కాని నిజమైన రాత్రిలో కన్ను దానిని చూడగలదు. నక్షత్రం ఎంత చిన్నదిగా తోచినా కనబడుతుంది కదా! కంటికి కావలసింది పరిమాణం కాదు, చేరే కాంతి.

ఈ వ్యత్యాసాన్ని సరిచేసేది ‘డిస్ట్-స్కేల్’ యానిమేషన్. దీపం ఎంత దూరంలో ఉన్నా కనీసం రెండు పిక్సెళ్ళు ఆక్రమించాలంటే 100 మీటర్లవద్ద 11 సెంటీమీటర్లు, 1,000 మీటర్లవద్ద 1.09 మీటర్లు, 5,000 మీటర్లవద్ద 5.45 మీటర్ల వెడల్పు కావాలి. 15 సెంటీమీటర్ల దీపానికి ఇవి పట్టికగా వ్రాస్తే: 100 మీటర్లవరకు 1 రెట్టు, 1,000 మీటర్లవద్ద 7.3 రెట్లు, 5,000 మీటర్లవద్ద 36 రెట్లు.

ఎంతదూరం వరకు పెంచుకుంటూ పోవాలి? దీనికి జవాబు భౌతికశాస్త్రంలో ఉంది. కాంతి తీవ్రత దూరం వర్గానికి విలోమానుపాతంలో తగ్గుతుంది. చీకటిరాత్రి ఒక దీపాన్ని గుర్తించడానికి కంటిని చేరవలసిన కాంతిని, నౌకాదీపాల లెక్కలలో ఒక లక్స్‌లో 50 లక్షలవ వంతుగా తీసుకుంటారు. విమానం ముందువైపు 10 డిగ్రీలలో రెక్కదీపానికి కోరే కనీస తీవ్రత 40 కాండెలాలు. వాతావరణం నిర్మలంగా ఉంటే ఈ దీపం 14 కిలోమీటర్ల వరకు కనబడుతుంది. 20 డిగ్రీలు దాటిన ప్రక్కవైపు కోరేది 5 కాండెలాలే. అది 5 కిలోమీటర్లకే అంతరిస్తుంది. కాబట్టి ‘రేంజ్’ యానిమేషన్‌లో గరిష్ఠ దూరాన్ని 14,000 మీటర్లుగా ఉంచడం సమంజసం. 100 కిలోమీటర్ల దూరంనుండి ధగధగలాడే రెక్కదీపం చూడముచ్చటగా ఉండవచ్చు. కాని అది నిజం కాదు.

ఐదవ షరతు: కాలం

మెరుపు దీపాలకు నిమిషానికి 40కి తగ్గకుండా, 100కు మించకుండా మెరుపులుండాలని నిబంధన. ఫ్లైట్‌గేర్‌లో నాసల్ అనే చిన్న భాషలో రెండు సంఖ్యలిస్తే చాలు: వెలిగే కాలం 0.05 సెకండ్లు, ఆరే కాలం 1.2 సెకండ్లు. ఒక ఆవృతి 1.25 సెకండ్లు, నిమిషానికి 48 మెరుపులు. ప్రోగ్రాము ఆ దీపం స్థితిని 0, 1గా మారుస్తూ ఉంటుంది. దృశ్యతా షరతు ఆ స్థితిని చూస్తే సరిపోతుంది.

ఇక్కడ కంప్యూటర్ వేగాన్ని కూడా గమనించాలి. సెకండుకు 30 చిత్రాలు గీసే కంప్యూటర్‌లో ఒక్కొక్క చిత్రం 0.033 సెకండ్లు. 0.05 సెకండ్ల మెరుపు ఒకసారి ఒక చిత్రంలో, మరొకసారి రెండు చిత్రాలలో పడుతుంది. దీపం హెచ్చుతగ్గులుగా మెరుస్తున్నదని అనిపిస్తే కారణం ఇదే. వెలిగే కాలాన్ని కొద్దిగా పెంచితే తేడా అంతగా కనబడదు.

ఎవరి మీట? ఎవరి సూర్యుడు?

వేర్వేరు ఊళ్ళలో ఉన్న ఇద్దరు ఒకే ఆకాశంలో విమానాలు నడుపుతున్నప్పుడు విచిత్రమైన తప్పు ఒకటి బయటపడుతుంది. ఇక్కడివారు తమ మీట వేస్తే, తెరమీద కనబడే ఎదుటివారి విమానం దీపాలు వెలుగుతాయి! కారణం చిరునామా వ్రాసిన పద్ధతి. చిరునామా మొదట గీత ఉంటే ప్రోగ్రాము వృక్షం మూలంనుండి వెదకుతుంది. అక్కడ దొరికేది సొంత మీట. గీత లేకుండా వ్రాస్తే ఆ విమానానికి చెందిన శాఖలోనే వెదకుతుంది. కాబట్టి మీట, చక్రాలు, వోల్టేజి వంటి వాటికి మొదటి గీత ఉండరాదు. పైగా నెట్‌వర్క్ ద్వారా అవతలినుండి పంపబడే విలువలనే షరతులో వాడాలి.

సూర్యుని విషయం ఇందుకు విరుద్ధం. సూర్యుడు అందరికీ ఒక్కడే. ఏ ఒక్క విమానం శాఖలోనూ ఉండడు. సూర్యకోణం చిరునామాకు మొదటి గీత తప్పక ఉండాలి. ఎవరిది వారిది, అందరిది అందరిది అన్న ఈ విచక్షణే ఇక్కడ కీలకం.

గీసే వరుస

షరతులన్నీ సరిగా ఉన్నా ఒక్కొక్కప్పుడు కిటికీ అద్దంలోనుండి చూస్తే దీపం మాయమవుతుంది. ప్రోగ్రాము ప్రతి పిక్సెల్‌వద్ద కంటికి అతి దగ్గరి వస్తువు దూరాన్ని గుర్తుంచుకుంటుంది. అద్దాన్ని ముందు గీస్తే దాని దూరం నమోదై, వెనుకనున్న ప్రభ తిరస్కరించబడుతుంది. నమూనా ఫైలులో అపారదర్శక భాగాలు ముందు, ప్రభలు తరువాత, అద్దాలు చివర వచ్చేటట్లు అమర్చుకుంటే ఈ చిక్కు తీరుతుంది. పైలట్ గదిలో కూర్చున్నప్పుడు బయటి ప్రభ గోడలోనుండి లోపలికి చొచ్చుకురాకుండా, దృశ్యం లోపలిదైతే ఆ ప్రభను దాచే షరతు కూడా చేర్చవచ్చు.

ఇతర సిమ్యులేటర్లలో

సూత్రం అంతటా ఒకటే, వ్రాసే తీరు వేరు. 2006లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్‌లో విమానం వివరాల ఫైలులో దీపం రకం, అడుగులలో స్థానం, ప్రభ ఫైలు పేరు ఒకే వరుసలో వ్రాస్తారు. నమూనా భాగాల దృశ్యతను వేరొక ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలులో, క్రియాచిహ్నం చివర వచ్చే విలోమ పోలిష్ పద్ధతిలో నిర్ణయిస్తారు. ఎక్స్-ప్లేన్‌లో ‘హైడ్’, ‘షో’ అనే ఆజ్ఞలకు విలువల హద్దులు జోడిస్తారు.

ఎందుకింత శ్రమ?

ఆటకు ఇంత కచ్చితత్వం ఎందుకన్న ప్రశ్న సహజం. రన్‌వే ప్రక్కన ఉండే పాపీ దీపాలను తీసుకుంటే జవాబు స్పష్టమవుతుంది. నాలుగు దీపాలు వరుసగా ఉంటాయి. మూడు డిగ్రీల వాలులో సరిగా దిగే పైలట్‌కు రెండు తెల్లగా, రెండు ఎర్రగా కనబడతాయి. నాలుగూ ఎర్రనైతే ప్రమాదకరంగా క్రిందికి దిగినట్లు. దీపం రంగు చూసేవారి కోణంపై ఆధారపడటమే దాని ప్రయోజనమంతా. తప్పుగా చూపే దీపంతో సాధన చేసిన యువకుడు తప్పు అలవాటునే నేర్చుకుంటాడు. రేపు నిజమైన విమానంలో శిక్షణకు వెళ్ళినప్పుడు అది వెంట వస్తుంది. చిన్నతనంలో పలుకు తప్పుగా పట్టుబడితే దిద్దడం ఎంత కష్టమో, ఇంటింటా పిల్లలకు తెలుగు నేర్పుతున్న తల్లిదండ్రులకు వేరుగా చెప్పనక్కరలేదు.

అభ్యాసం

1. ఒక విమానంలో ఆకుపచ్చ దీపం ఒక్కటే కనబడుతున్నది. చూసేవారికి దాని ఏ పార్శ్వం కనబడుతున్నట్లు?
2. తోకదీపం క్షేత్రం 140 డిగ్రీలు. గుణకం 10గా ఉంచి, 70 డిగ్రీలవద్ద పూర్తిగా కనబడటానికి కలపవలసిన సంఖ్య ఎంత? దీపం ఏ కోణంవద్ద మాయమవుతుంది? (70 డిగ్రీల కోసైన్ 0.342)
3. వెలిగే కాలం 0.1, ఆరే కాలం 0.3 సెకండ్లు. ఈ మెరుపు దీపం నిబంధనకు లోబడి ఉన్నదా?

జవాబులు: 1. కుడి పార్శ్వం. 2. 1 – 3.42 = –2.42, కోసైన్ 0.242 అయినచోట, అంటే సుమారు 76 డిగ్రీలవద్ద. 3. లేదు, నిమిషానికి 150 మెరుపులు అవుతాయి.